కంప్యూటర్ బ్యాకప్‌కూ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది



హాస్టల్‌లో ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. స్టాకు రిజిస్టర్లో బియ్యం ఇన్ని బస్తాలు అని రాసి ఉంటుంది. వచ్చిన అధికారి రిజిస్టరు చూసి ఊరుకోరు. స్టోరు రూము తలుపు తీయించి బస్తాలు లెక్కపెట్టిస్తారు. రాసినదానికీ ఉన్నదానికీ తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. కంప్యూటర్లలో సమాచారానికి తీసి పెట్టే నకళ్ళ విషయంలో, అంటే బ్యాకప్‌ల విషయంలో కూడా ఇప్పుడు ఇలాంటి తనిఖీ వచ్చింది. పీజీలో నేను చదువుకున్న ఆ సంగతులు మీతో పంచుకుంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఇందులో కొంత తెలిసిందే కావచ్చు.

క్లౌడ్ అంటే మరేమీ కాదు. మన సమాచారం మన గదిలోని కంప్యూటర్లో కాకుండా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటి సంస్థల దగ్గర అద్దెకు తీసుకున్న యంత్రాల్లో ఉండడం. అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ 2016లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాదులోనూ ఇటువంటి కేంద్రాలను ప్రారంభించింది. క్లౌడ్‌లో పెట్టాం కాబట్టి భద్రమే అని చాలామంది అనుకుంటారు. యంత్రం చెడిపోతే చూసుకోవలసింది వాళ్ళే. కానీ మన చేత్తో మనం చెరిపేసుకుంటే, దానికి నకలు ఉంచుకోవడం మన బాధ్యత. మా అమ్మ బడికి వెళ్ళలేదు గానీ, నా సర్టిఫికెట్ల జిరాక్సు ఒక సెట్టు ఊళ్ళో మా మేనమామ ఇంట్లో పెట్టింది. ఇల్లు కాలినా, వాన నీళ్ళు వచ్చినా ఇంకోచోట ఉండాలి అన్నది. క్లౌడ్ పుస్తకాలు చెప్పేది కూడా అదే.

నకలు తీయమని చెప్పడం వేరు, నకలు ఉండడం వేరు. గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో 2017 జనవరి 31న జరిగింది చూడండి. రెండు డేటాబేస్ సర్వర్లలో ఒకదానిలో చెరపవలసిన ఫోల్డరును ఒక ఇంజనీరు రెండోదానిలో చెరిపేశాడు. సుమారు 300 గిగాబైట్లు క్షణాల్లో పోయాయి. రోజూ బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది కదా అని వెతికితే అక్కడ ఏమీ లేదు! డేటాబేస్ 9.6 వెర్షన్ అయితే, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది. అందువల్ల రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళను కూడా మెయిల్ సర్వరు తిప్పికొట్టింది. చివరికి దాదాపు 6 గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక నకలే వారిని కాపాడింది. ఆ 6 గంటల్లో నమోదైన సమాచారం మాత్రం తిరిగి రాలేదు. జరిగినదంతా దాచకుండా ప్రపంచానికి వివరించినందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కంప్యూటరుకు పని చెప్పే పద్ధతులు రెండు. ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని ఒక్కొక్క మెట్టు చెప్పడం ఒకటి. చివరికి ఏది ఎలా ఉండాలో మాత్రమే రాసి ఇవ్వడం రెండోది. మన మెస్ గోడ మీది మెనూ చార్టు రెండో రకం. ఏ రోజు ఏమి ఉండాలో చెబుతుంది గానీ పొయ్యి ఎలా వెలిగించాలో చెప్పదు. ఇంగ్లీషులో దీన్ని డిక్లరేటివ్ పద్ధతి అంటారు. హాషికార్ప్ సంస్థ 2014లో విడుదల చేసిన టెర్రాఫామ్ ఇలాంటి సాధనమే. కావలసినదాన్ని ఫైలులో రాస్తే, ఇప్పుడున్న స్థితితో పోల్చి తేడాను ముందు చూపిస్తుంది. మనం ఒప్పుకున్నాక మార్పు చేస్తుంది. ఆ ఫైళ్ళను గిట్‌లో భద్రపరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో రికార్డుగా ఉండిపోతుంది.

ఏడబ్ల్యూఎస్ బ్యాకప్ అనే సేవ 2019లో వచ్చింది. రోజుకొకసారి నకలు తీయాలి, 35 రోజులు ఉంచాలి అని ప్లాన్ రాసుకోవచ్చు. దాని మీద తనిఖీ కోసం 2021లో బ్యాకప్ ఆడిట్ మేనేజర్ వచ్చింది. ఇందులో ఫ్రేమ్‌వర్క్ అంటే కొన్ని ప్రశ్నల పట్టిక. ప్రతి డేటాబేసూ ఏదో ఒక ప్లాన్ కిందికి వచ్చిందా? నకలు ఎన్‌క్రిప్ట్ అయిందా? గడువుకు ముందే ఎవరైనా చెరపగలరా? వేరే ప్రాంతంలో ఇంకో కాపీ ఉందా? ఒక్కొక్క ప్రశ్నను కంట్రోల్ అంటారు. జవాబులు రోజువారీ నివేదికగా తెప్పించుకోవచ్చు. దీనికి ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ అనే మరో సేవ నడుస్తూ ఉండాలి, దానికి వేరే ఖర్చు అవుతుంది. ఈ ఫ్రేమ్‌వర్క్‌ను కూడా టెర్రాఫామ్ ఫైలులోనే రాయవచ్చు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. పుస్తకాల్లో వీటి గురించి తక్కువ రాస్తారు.

మొదటిది ట్యాగుల సంగతి. ప్రతి డేటాబేసుకూ ఒక చీటీ అతికించి, ఆ చీటీ ఉన్నవాటికే బ్యాకప్ తీయమని ప్లాన్‌లో రాస్తారు. సౌకర్యంగానే ఉంటుంది. తనిఖీని కూడా అదే చీటీకి కట్టేస్తే మాత్రం చిక్కే. చీటీ అతికించడం మరిచిన డేటాబేసుకు బ్యాకప్ ఉండదు, తనిఖీలోనూ కనబడదు. నివేదిక అంతా పచ్చగా ఉంటుంది. అటెండెన్స్ రిజిస్టర్లో పేరే లేని కుర్రాడికి ఆబ్సెంటు ఎప్పుడూ పడదు కదా! అందుచేత ప్లాన్‌ను చీటీతో నడిపినా, ఏదో ఒక ప్లాన్ కిందికి వచ్చిందా అన్న ప్రశ్నను మాత్రం చీటీతో పనిలేకుండా ఆ రకం డేటాబేసులన్నిటికీ వేయాలి.

రెండోది, ప్లాన్‌నూ తనిఖీనీ ఒకే మనిషి చేతిలో పెట్టడం. బిల్లు ఎక్కువ వస్తోందని ఎవరో 35 రోజులను 7కు తగ్గించారనుకుందాం. వెబ్‌పేజీలో చేత్తో మారిస్తే టెర్రాఫామ్ తేడా చూపిస్తుంది, ఆడిట్‌లోనూ తప్పని వస్తుంది. కానీ ప్లాన్, ఫ్రేమ్‌వర్క్ ఒకే ఫైలులో ఉంటే రెండుచోట్లా 7 అని మార్చేస్తే చాలు, మళ్ళీ అంతా సక్రమమే! స్టోరు తాళాలు ఉన్నవారే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీద సంతకం పెట్టినట్టు. నా అభిప్రాయంలో ఫ్రేమ్‌వర్క్ ఫైళ్ళు వేరేచోట ఉండాలి, మార్పుకు వేరొకరి ఆమోదం ఉండాలి.

ఇంకా గట్టి ఏర్పాటు వాల్ట్ లాక్. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ ఖాతాలోకి దొంగ చొరబడి అసలుతోపాటు నకళ్ళనూ చాలావరకు చెరిపేశాడు. ఆ సంస్థ మూతపడింది. వాల్ట్ లాక్‌ను కంప్లయన్స్ పద్ధతిలో వేస్తే, కనీసం 3 రోజుల గడువు తర్వాత ఖాతా యజమాని కూడా ఆ తాళం తీయలేడు. ఆ గడువును టెర్రాఫామ్ ఫైలులో ఒకే వరుసలో రాస్తాం. ఆ వరుస లేకపోతే, ప్రత్యేక అధికారం ఉన్నవారు తీయగల తేలికపాటి తాళమే పడుతుంది. రోజుల సంఖ్య రాసేటప్పుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూడాలి. 365కు బదులు 3650 అని పడితే, లాక్ బిగిశాక ఆ నకళ్ళకు 10 ఏళ్ళు అద్దె కట్టవలసిందే.

ఇంత చేసినా గిట్‌ల్యాబ్ ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఆ నకలు నుంచి నిజంగా సమాచారం తిరిగి వస్తుందా? 2023 నవంబరులో వచ్చిన రీస్టోర్ టెస్టింగ్ అందుకోసమే. మనం చెప్పిన వేళకు ఒక నకలును తెరిచి, పని అయ్యాక దాన్ని తీసేస్తుంది. ఎంతసేపట్లో తెరుచుకోవాలో కూడా ఫ్రేమ్‌వర్క్‌లో ఒక ప్రశ్నగా పెట్టవచ్చు.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. టెర్రాఫామ్ లైసెన్సు 2023 ఆగస్టులో మారింది. ఆ తర్వాత అదే కోడ్ నుంచి ఓపెన్‌టోఫు అనే ఓపెన్‌సోర్సు సాధనం పుట్టింది. దాన్ని కాలేజీ ల్యాబులోని కంప్యూటర్లో వేసుకుని, మొదట క్లౌడ్‌తో పనిలేకుండా ఒక చిన్న టెక్స్టు ఫైలును తయారుచేయించండి. ఆ ఫైలును చేత్తో చెరిపేసి మళ్ళీ ప్లాన్ కమాండు ఇవ్వండి. ఫైలు లేదని అదే చెబుతుంది. ఈ మాత్రానికి ఖాతా అక్కరలేదు, బ్యాంకు కార్డూ అక్కరలేదు.