నల్ల యాష్ వృక్షమునకు వచ్చిన ముప్పు

చేటకును తట్టకును మనకు వెదురెట్టిదో, ఉత్తర అమెరికాలోని వబనాకి, అనిషినాబే మొదలగు ఆదిమజాతుల కుటుంబములకు నల్ల యాష్ వృక్షమట్టిది. చిత్తడినేలల యడవులలో బెరుగు నీ చెట్టు మ్రానును సమ్మెటతో మోదినచో, ఏటేటి వలయములు పొరలుగా విడివడును. ఆ బద్దలతో వారు తరతరములుగా బుట్టలల్లుచున్నారు.

ఆసియాఖండమునుండి సరకుల చెక్కపెట్టెలలో దాగి వచ్చినదని తలంపబడుచున్న యొక పచ్చని పెంకుపురుగు 2002లో మిచిగన్ రాష్ట్రమున డిట్రాయిట్ నగరముచెంత కనుగొనబడినది. దాని పిల్లపురుగులు బెరడుక్రింద సొరంగములు దొలిచి, చెట్టున కాహారము బ్రవహించు మార్గమును ఖండించును. కొలది యేండ్లలో చెట్టెండిపోవును. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము (ఐ.యు.సి.ఎన్.) నల్ల యాష్‌ను అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతులలో జేర్చినది.

సున్నకు దిగువ 30 డిగ్రీలను దాటిన చలి యీ పిల్లపురుగులలో పెక్కింటిని జంపును. కాని శీతకాలములు వెచ్చబడుకొలది, ఉత్తరపుటడవులకు ఆ రక్షణము సన్నగిల్లుచున్నది.

పురుగును హరించు కందిరీగజాతి చిన్నకీటకములను 2007 మొదలు అడవులలో విడిచిరి, విత్తనములను భద్రపఱచుచున్నారు. పురుగు కట్టెలలో దాగి పయనించును గావున, వంటచెఱకును దూరప్రదేశములకు గొనిపోవలదని ప్రజలను గోరుచున్నారు. చెట్టు నశించిన, తల్లి కూతునకు నేర్పు విద్యయు దానితో నశించును గదా! గాదెలో పురుగు పట్టకమునుపే మేల్కొను గృహిణి జాగ్రత్తయే యడవులకును వలయునని మేము తలంచుచున్నాము.