ఆకా, మరకా?

వరంగల్లులో పగిలిన రాతిపై నల్లని ఆకుకొమ్మ వంటి రూపు కనబడినంతనే, శిలాజము దొరికినదని విద్యార్థి పొంగిపోవును. పొంగుటకు ముందు ఆ రాతి పుట్టుక నడుగవలెను.

ఓరుగల్లు కోట గల నేల గ్రానైట్ నేల. భూగర్భమున కరిగియున్న పదార్థము సుమారు 250 కోట్ల ఏండ్లనాడు చల్లారి గట్టిపడగా ఆ శిల ఏర్పడినది. అందు ఆకు దాగదు. పగుళ్లలో నీరు తెచ్చిన మాంగనీసు కొమ్మలు కొమ్మలుగా పేరుకొని ఆకు భ్రమ కలిగించును.

2016లో వరంగల్లు నుండి వేరుపడిన భూపాలపల్లి సంగతి వేరు. అచ్చటి బొగ్గు, 25 కోట్ల ఏండ్లకు పూర్వము మడుగులలో పేరుకొన్న వృక్షశేషము. గోదావరి లోయలో అట్టి బొగ్గును అంటియున్న బురదరాళ్లలో గ్లోసాప్టెరిస్ ఆకు లభించును. నాలుక వంటి ఆకారము, నట్టనడుమ ఈనె, ఇరువైపుల వలవలె అల్లుకొన్న సన్న ఈనెలు దాని గుర్తులు. మాంగనీసు మరకకు నడిమి ఈనె ఉండదు.

1912లో దక్షిణధ్రువము నుండి మరలుచు మరణించిన స్కాట్ బృందము చెంత ఇట్టి ఆకురాళ్లే దొరికినవి. భారతదేశము, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే భూఖండమనుటకు ఇట్టి ఆకులు సాక్ష్యములైనవి. ఏది ఎచ్చట లభించినదో తెలియుట చేతనే ఆ సాక్ష్యము చెల్లినది. దొరికిన చోటు, పొర, తేది చీటిపై వ్రాయని రాయి ఎంత అందమైనదైనను నోరులేని సాక్షియే.