రొమ్ము కేన్సర్: వ్యాధి అక్కడ ఎక్కువ, ఆలస్యం ఇక్కడ ఎక్కువ

రొమ్ము కేన్సర్ డబ్బున్న దేశాల జబ్బనీ, పొలం పనులు చేసుకునే మన ఆడవాళ్లకు రాదనీ పల్లెల్లో చాలామంది అనుకుంటారు. ఇందులో సగమే నిజం.

2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 23 లక్షల మంది స్త్రీలలో ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. దాదాపు 6 లక్షల 70 వేల మంది చనిపోయారు. వయసుల తేడాలను సరిచేసి చూస్తే ఫ్రాన్సులో లక్ష మంది స్త్రీలలో ఏటా 100 మందికి పైగా, అమెరికాలో సుమారు 95 మంది, మన దేశంలో సుమారు 27 మంది దీని బారిన పడుతున్నారు.

ఈ తేడా ఒక్క వంశంలోనే లేదు. జపానులో ఈ వ్యాధి చాలా తక్కువగా ఉన్న రోజులలో హవాయి, కాలిఫోర్నియాలకు వలసవెళ్లిన కుటుంబాలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఒకటి రెండు తరాలలోనే ఆ ఆడవాళ్లలో వ్యాధి పెరిగి, అమెరికా స్త్రీల స్థాయికి దగ్గరపడింది. రక్తం అదే, బతుకు తీరు మారింది. తొలి కాన్పు ఆలస్యం కావడం, పిల్లలకు పాలివ్వడం తగ్గడం, ఒళ్లు పెరగడం, మద్యం ముప్పును పెంచుతాయి. 30 దేశాల పరిశోధనలను కలిపి 2002లో లెక్క తీయగా, తల్లి పాలిచ్చిన ప్రతి ఏడాదికీ ముప్పు 4 శాతానికి పైగా తగ్గుతున్నట్లు తేలింది. అలాగని పాలిచ్చిన తల్లికి ఈ వ్యాధి రానే రాదని కాదు.

ఇక రెండో సగం. 2022లో అమెరికాలో 2 లక్షల 74 వేల కొత్త కేసులకు మరణాలు 43 వేలు. మన దేశంలో 1 లక్షా 92 వేల కేసులకు 98 వేలు. సంపన్న దేశాలలో రోగులలో నూటికి 90 మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతుంటే, మన దగ్గర 66 మందే. ముఖ్య కారణం ఆలస్యం.

తొలిదశలో గడ్డ సాధారణంగా నొప్పి పుట్టదు. నొప్పి లేదు కదా అని కొందరు, చెప్పుకోవడానికి సిగ్గుపడి కొందరు, కోతలయ్యాక చూద్దామని కొందరు నెలలు గడుపుతారు. రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా వెంటనే డాక్టరుకు చూపించాలి. గడ్డలన్నీ కేన్సర్ కావు. అది తేల్చవలసింది పరీక్షే.

30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి రొమ్ము పరీక్ష జరపాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్దేశించింది. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తను అడిగితే వివరాలు తెలుస్తాయి. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. తల్లి, భార్య, అక్కాచెల్లెళ్లు ఈ మాట నోరు తెరిచి చెప్పుకోగల ఇంట్లో సగం వైద్యం జరిగినట్లే.