పనస గింజ పట్టే ఆనవాలు

పనస తొనలు తిన్నాక గింజల్ని పారేయం. కడిగి, ఆరబెట్టి కూరలో వేసుకుంటాం. ఆ పచ్చి గింజలో జాకాలిన్ అనే ప్రొటీన్ ఉంది. కణాల మీది చక్కెర గొలుసుల్ని తడిమి ఆనవాలు పట్టడం దాని గుణం. జాకాలిన్ గాలక్టోజ్ చక్కెరను ఎలా పట్టుకుంటుందో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1996లో దాని స్ఫటిక నిర్మాణం ద్వారా చూపించారు. టి యాంటిజెన్ అనే రెండు చక్కెరల జంట ఎదురైతే అది మరీ గట్టిగా అంటుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న కణం మీద ఈ జంట పైకి కనిపించదు, దాని మీద మరికొన్ని చక్కెరలు చేరి కప్పేస్తాయి. రొమ్ము, పెద్దపేగు వంటి చోట్ల పుట్టే చాలా క్యాన్సర్లలో ఆ కప్పు తొలగి జంట బయటపడుతుంది. పనస గింజలు తింటే క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మవద్దు. జాకాలిన్ ప్రయోగశాలలో పనికొచ్చే సాధనం, మందు కాదు.

కణం తన ప్రొటీన్లకు ఇలా చక్కెరలు తగిలించే పనిని గ్లైకోసైలేషన్ అంటారు. ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో జన్యువులో రాసి ఉంటుంది. చక్కెర గొలుసుకు అలాంటి రాతప్రతి లేదు. ఆ సమయానికి కణంలో ఏ ఎంజైములు పనిలో ఉన్నాయి, ఏ చక్కెరలు అందుబాటులో ఉన్నాయి అన్నదాన్ని బట్టి గొలుసు తయారవుతుంది. ఇంట్లో ఉన్న సరుకుల్ని బట్టి, వండే చేతిని బట్టి మారే వంట లాంటిదన్నమాట. అందుకే కణం దారి తప్పగానే ఆ మార్పు దాని చక్కెర పూతలోనూ కనిపిస్తుంది.

ఆ పూత వట్టి గుర్తుగానే మిగిలిపోదు, క్యాన్సర్‌కు పనిచేసి పెడుతుంది. ‘పెరుగు’ అనే కబురును అందుకునే గ్రాహకాలు కూడా చక్కెరలు తగిలిన ప్రొటీన్లే. ఎంగాట్5 అనే ఎంజైము వాటి గొలుసులకు అదనపు కొమ్మలు అతికిస్తుంది. గాలెక్టిన్-3 అనే ప్రొటీన్ ఆ కొమ్మల్ని పట్టుకుని గ్రాహకాలను కణపొర మీదే నిలిపి ఉంచుతుంది. అవి లోపలికి జారిపోకపోవడంతో కబురు ఎక్కువసేపు అందుతూనే ఉంటుంది. టొరంటోలోని పరిశోధకులు ఈ ఎంజైము లేని ఎలుకల్లో రొమ్ము కణితులు నెమ్మదిగా పెరిగాయని, వ్యాప్తి కూడా తగ్గిందని 2000లో చూపించారు.

ఇక క్యాన్సర్ కణం బతికి బట్టకట్టే ఉపాయం సియాలిక్ ఆమ్లంలో ఉంది. మన కణాలన్నిటి మీదా సహజంగా ఉండే చక్కెర ఇది. రోగనిరోధక కణాల మీద సిగ్లెక్ అనే గ్రాహకాలుంటాయి. సియాలిక్ ఆమ్లం తగిలితే ‘ఇది మనదే’ అన్నట్టు అవి దాడిని ఆపుతాయి. చాలా క్యాన్సర్ కణాలు ఈ చక్కెరను మామూలు కంటే దట్టంగా కప్పుకుంటాయి. శత్రువు మన ఇంటి గుర్తునే నుదుట దిద్దుకుని వస్తే కాపలావాడు ఎలా ఆపగలడు? నాకు ఈ కథలో అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

ఆ ముసుగు తీయవచ్చు. 2022 రసాయన శాస్త్ర నోబెల్‌ను పంచుకున్న కరోలిన్ బెర్టోజ్జీ బృందం, రొమ్ము క్యాన్సర్ యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్‌కు సియాలిక్ ఆమ్లాన్ని కత్తిరించే ఎంజైమును జోడించింది. యాంటీబాడీ క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకుంటుంది, ఎంజైము అక్కడి చక్కెరను తొలగిస్తుంది. ముసుగు పోగానే రోగనిరోధక కణాలు దాడికి దిగడం 2016లో ప్రయోగశాలలో కనిపించింది.

ఇదంతా చదివి కాఫీలో చక్కెర మానేయాలా అని అడిగేవారుంటారు. ఈ గొలుసులకు కావలసిన చక్కెరల్ని కణాలు రక్తంలోని గ్లూకోజ్ నుంచి తామే తయారుచేసుకోగలవు. మనం తీపి మానేసినా కాలేయం గ్లూకోజ్‌ను అందిస్తూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారు చక్కెర తగ్గించడం వేరే సంగతి.

ఈ చక్కెరల కథ రోగుల చేతిలోని కాగితాల దాకా వచ్చింది. క్లోమ క్యాన్సర్ ఉన్నవారికి చేసే సీఏ 19-9 రక్తపరీక్ష కొలిచేది సియాలిక్ ఆమ్లం తగిలిన ఒక చక్కెర గొలుసునే. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినా ఆ సంఖ్య పెరుగుతుంది. మరోవైపు, లూయిస్ రక్తవర్గపు ఎంజైము పుట్టుకతోనే లేనివారి శరీరం ఆ గొలుసును తయారుచేయలేదు. అలాంటివారికి కణితి ఉన్నా సంఖ్య పెరగకపోవచ్చు. కాబట్టే డాక్టర్లు ఆ ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రారు, స్కాన్‌తో, బయాప్సీతో కలిపి చూస్తారు.