షిర్లీ టెంపుల్ బొమ్మ వెల ఎంత?

బొమ్మలంటే ముచ్చటపడని ఇల్లు వుండదు. సంక్రాంతికో దసరాకో తాతలనాటి బొమ్మలను అటకమీదనుంచి దింపి, దుమ్ము దులిపి, కొలువులో మెట్లమీద కూర్చోబెడతాము. పండుగ కాగానే పాత చీరముక్కల్లో చుట్టి మళ్ళీ పైకెక్కిస్తాము. వాటికి వెల కట్టాలనే ఊహ మనకు సాధారణంగా రాదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ పాతబొమ్మలు సేకరించడం ఒక సరదా, ఒక శాస్త్రం, ఒక వ్యాపారం కూడాను. అందులోనూ సినీతారలు, గాయకులు మొదలైన ప్రఖ్యాతుల పోలికతో తయారైన బొమ్మలకు ప్రత్యేకమైన గిరాకీ వున్నది. అయితే ఒకే అచ్చులో, ఒకే రోజున పుట్టిన రెండు బొమ్మలలో ఒకటి వందల డాలర్లు పలుకుతుంది. రెండవదాన్ని అడిగే నాథుడుండడు. ఈ తేడా ఎక్కడ వచ్చింది? కొడుకో కూతురో అమెరికాలో వున్న ఇళ్ళు మన ప్రాంతంలో ఇప్పుడు చాలానే వున్నాయి. అక్కడి పాతసామాన్ల అమ్మకాలలో ఇటువంటి బొమ్మ కంటబడితే మంచిచెడ్డలు ఎంచడమెలాగో తెలిసివుండడం మంచిదే గదా!

ఈ రకం బొమ్మలన్నిటిలోకీ పేరుపడ్డది షిర్లీ టెంపుల్ బొమ్మ. దాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షించడం నేర్చుకుంటే తక్కినవాటి మర్మం సగం తెలిసినట్లే.

ముద్దులొలికే పాప

షిర్లీ టెంపుల్ 1928 ఏప్రిల్ 23న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో పుట్టింది. 1934లో విడుదలైన "స్టాండప్ అండ్ చీర్" చిత్రంతో ఆ పిల్ల పేరు దేశమంతా మారుమోగింది. 1935 నుంచి 1938 వరకు వరసగా నాలుగేళ్ళపాటు అమెరికాలో సినిమాహాళ్ళకు అందరికంటె ఎక్కువమంది జనాన్ని రప్పించిన తార ఆ చిన్నపిల్లే. ఆర్థికమాంద్యంతో లక్షలాది కుటుంబాలు ఉద్యోగాలు లేక అల్లాడుతున్న రోజులవి. ఆ పాప నవ్వు చూసి జనం తమ కష్టాలు కాసేపు మరచిపోయేవారు.

ఆ 1934లోనే ఐడియల్ అనే కంపెనీ షిర్లీ బొమ్మను బజారులోకి తెచ్చింది. టెడ్డీబేర్ బొమ్మతో పేరు తెచ్చుకున్న మోరిస్ మిచ్‌టం స్థాపించిన కంపెనీ అది. బెర్నార్డ్ లిప్‌ఫర్ట్ అనే శిల్పి ముఖం మలిచాడు. బుగ్గలకు సొట్టలు, నవ్వే నోట్లో చిట్టిపళ్ళ వరస, పడుకోబెడితే మూసుకునే కళ్ళు, తలనిండా మేకబొచ్చుతో చేసిన బంగారురంగు ఉంగరాలు. పొడవు 11 అంగుళాలు మొదలు 27 అంగుళాల దాకా రకరకాలుగా చేశారు.

ఈ బొమ్మను చేసిన పదార్థాన్ని కాంపోజిషన్ అంటారు. రంపపుపొట్టు, జిగురు మొదలైనవి కలిపి, అచ్చుల్లో ఒత్తి, పైన రంగు పూసేవారు. మన కొండపల్లివారు పొణికికర్ర బొమ్మలకు అవయవాలు అతకడానికి రంపపుపొట్టునూ చింతగింజల జిగురునూ కలిపి వాడతారు. ఇదీ ఇంచుమించు ఆ వరసదే. దీని గుణమూ దోషమూ రెండూ తరువాత చూద్దాం.

అసలా, నకలా?

మొదటి ప్రశ్న: ఇది నిజంగా షిర్లీయేనా? బొమ్మ తల వెనుక, మెడ దగ్గర, షిర్లీ టెంపుల్ పేరూ ఐడియల్ కంపెనీ గుర్తూ వుండాలి. వీపుమీద కూడా పేరు, పరిమాణం తెలిపే అంకె వుంటాయి. అసలు బొమ్మ విపరీతంగా అమ్ముడుపోతూవుంటే, చూసి ఊరుకోలేక ఇతర వ్యాపారులు అటువంటి ఉంగరాలజుట్టే పెట్టి, పేరు మాత్రం వెయ్యకుండా బొమ్మలు చేసి వదిలారు. ఏ గుర్తూలేని బొమ్మను చూపించి "ఇది షిర్లీయే" అని ఎవరైనా అంటే తొందరపడకూడదు.

పేర్లు తగిలించడమనే జాడ్యం పాతదే. 1850లో అమెరికాకు వచ్చి ఊళ్ళకు ఊళ్ళను ఉర్రూతలూగించిన స్వీడన్ గాయని జెన్నీ లిండ్ పేరుతో ఎన్నో పింగాణీతల బొమ్మలు చలామణీ అవుతున్నాయి. వాటిలో చాలావాటికి ఆ పేరు పెట్టింది తయారుచేసినవారు కాదు, తరువాతికాలపు సేకర్తలు.

రెండవ ప్రశ్న: ఇది ఎప్పటిది? ఐడియల్ కంపెనీయే 1957లో వినైల్‌తో షిర్లీ బొమ్మను మళ్ళీ చేసింది. 1970లలోనూ 1982లోనూ ఇంకా చేసింది. అన్నీ అసలైనవే, కాని అన్నిటికీ ఒకటే వెల కాదు. పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది. కాంపోజిషన్ బరువుగా, గట్టిగా వుంటుంది. వినైల్ మెత్తగా నొక్కుకుపోతుంది.

బొమ్మమీది సంవత్సరాన్ని చూసి కూడా మోసపోరాదు. అది చాలాసార్లు అచ్చుమీద హక్కు పొందిన సంవత్సరమే గాని, బొమ్మ పుట్టిన సంవత్సరం కాదు. బార్బీబొమ్మల నడుముమీద 1966 అని చూసి ఎందరో సంబరపడతారు. ఆ అంకె తరువాత ఎన్నో ఏళ్ళు తయారైన బొమ్మలమీద కూడా వున్నది.

ప్రక్షిప్తాల బెడద

తాళపత్రప్రతులు పరిష్కరించే పండితుడు ముందు చూసేది కవి రాసిన పద్యాలేవి, మధ్యలో ఎవరో చొప్పించినవేవి అని. బొమ్మల పరీక్షకుడి పనీ అచ్చంగా ఇదే. తల, ఒళ్ళు, జుట్టు, గౌను, బూట్లు, మేజోళ్ళు—ఇవన్నీ కలిసి పుట్టినవేనా, లేక నాలుగు బొమ్మలనుంచి ఏరి కూర్చినవా?

షిర్లీ బొమ్మ గౌన్లు ఆమె సినిమాలలో వేసుకున్నవాటికి నమూనాలు. "స్టాండప్ అండ్ చీర్" లోని చుక్కలగౌను అన్నిటిలోకీ ప్రసిద్ధం. అసలు గౌనుకు కంపెనీ నేసిన చీటీ కుట్టివుంటుంది. గుండెమీద షిర్లీ బొమ్మతో ఒక గుండ్రటి బిళ్ళ. ఆ బిళ్ళకు విడిగానే మంచి ధర వుండడంతో నకలు బిళ్ళలు కూడా పుట్టుకొచ్చాయి. గౌను వెలసిపోయినా అసలుదైతే, దాన్ని తీసేసి మిలమిలలాడే కొత్త గౌను తొడగడం విలువను చేతులారా పోగొట్టుకోవడమే.

ఇక ఒంటి సంగతి. కాంపోజిషన్‌కు చెమ్మా పడదు, ఎండా పడదు. లోపలి పొట్టు ఉబ్బుతూ కుంగుతూవుంటే పైరంగు వెంట్రుకవాసి నెఱ్ఱెలుగా పగులుతుంది. ఎనభై తొంభై ఏళ్ళ బొమ్మకు సన్నటి నెఱ్ఱెలు సహజమే. ముఖంమీద లోతుగా పగిలి పెచ్చులూడితేనే నష్టం. కళ్ళు మసకబారడం కూడా సామాన్యమే.

చాలామంది చేసే పని ఏమిటంటే, ఆ నెఱ్ఱెలు కప్పడానికి ముఖానికి కొత్తరంగు వేయించడం. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయినట్లు, షిర్లీ కాస్తా మరెవరో అవుతుంది. పైన పటారం, లోన లొటారం. అనుభవమున్న సేకర్త నెఱ్ఱెలున్న పాతముఖానికే ఎక్కువ ఇస్తాడు.

జట్టుగా వుంటేనే అందం

కొన్ని బొమ్మల విలువ ఒంటరిగా తేలదు. 1934 మే 28న కెనడాలోని ఒంటారియోలో డియోన్ దంపతులకు ఒకే కాన్పులో అయిదుగురు ఆడపిల్లలు పుట్టారు. అలా అయిదుగురూ బ్రతికి పెరగడం లోకంలో అంతకుముందు ఎరగని వింత. మేడమ్ అలెగ్జాండర్ కంపెనీ ఆ అయిదుగురి బొమ్మలూ చేసింది. ఈవోన్‌కు గులాబి, ఎనెట్‌కు పసుపు, సిసీల్‌కు ఆకుపచ్చ, ఎమిలీకి లేత ఊదా, మరీకి నీలం. ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క బిళ్ళ. అయిదూ వాటి రంగులతో, బిళ్ళలతో కలిసివుంటే వచ్చే ధర, అయిదింటిని విడివిడిగా అమ్మి కూడితే రాదు. 1964లో రెమ్‌కో కంపెనీ చేసిన నలుగురు బీటిల్స్ గాయకుల బొమ్మలూ అంతే. చేతుల్లోని బుల్లి వాద్యాలు పోతే విలువలో పెద్దభాగం వాటితోపాటే పోతుంది.

ఆడని బొమ్మకే ధర

ఇక్కడ ఒక చిత్రమున్నది. అందరికంటె ఎక్కువ ధర పలికేది పెట్టెలోనుంచి తియ్యని బొమ్మకు. అంటే, ఏ పిల్లా ఎత్తుకోని, ముద్దాడని, పక్కలో పడుకోబెట్టుకోని బొమ్మకు! తలదువ్వీ దువ్వీ జుట్టూడగొట్టినది, ముద్దులతో పెదవిరంగు చెరిపినది అయితే బజారులో చవక. ప్రేమ పొందినకొద్దీ వెల తగ్గే వస్తువు ఇదొక్కటేనేమో!

బొమ్మల సంగతి అలా వుంచి, ఆ ముఖాలు గల పిల్లల సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. డియోన్ పిల్లలను ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోయి, ప్రత్యేకంగా కట్టిన భవనంలో పెంచింది. వారు ఆడుకుంటూవుంటే చూడడానికి 1936 నుంచి 1943 వరకు సుమారు 30 లక్షలమంది వచ్చారు. చివరకు 1998లో, బ్రతికివున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళకు ఒంటారియో ప్రభుత్వం 40 లక్షల కెనడా డాలర్లు పరిహారమిచ్చింది.

1921లో చాప్లిన్ పక్కన "ది కిడ్" లో నటించిన జాకీ కూగన్ పేరుతోనూ బొమ్మ వచ్చింది. పెద్దవాడయ్యేసరికి అతని సంపాదన దాదాపు హరించుకుపోయింది. 1938లో తల్లిమీదా మారుతండ్రిమీదా దావా వేశాడు. దాని ఫలితంగానే, బాలనటుల సంపాదనలో కొంత వారికోసం దాచితీరాలని 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. షిర్లీకి కూడా తాను ఆర్జించిన 32 లక్షల డాలర్లలో చేతికి మిగిలింది స్వల్పమే. అయినా ఆమె కుంగిపోలేదు. ఘనాలోనూ చెకోస్లొవేకియాలోనూ తన దేశానికి రాయబారిగా పనిచేసి, 2014లో కన్నుమూసింది.

వెల తేల్చడం

అమ్మేవాడు చెప్పే ధర వేరు, నిజంగా అమ్ముడుపోయిన ధర వేరు. రెండవదే ప్రమాణం. అదే పరిమాణం, అదే గౌను, అదే స్థితిలో వున్న బొమ్మలు ఇటీవలి వేలాలలో ఎంతకు పోయాయో నాలుగైదు ఉదాహరణలు చూడాలి. వర్తకుడు లాభం చూసుకోవాలి గనుక అంతకంటె తక్కువకే కొంటాడు. అందులో మోసమేమీ లేదు.

ధరలు ఎప్పటికీ పెరుగుతాయన్న భ్రమ పనికిరాదు. మనుషులు సాధారణంగా తమ చిన్ననాటి బొమ్మలనే వెతుక్కుంటారు. షిర్లీతో ఆడుకున్న తరం దాదాపు దాటిపోయింది. దానికితోడు 1995లో ఈబే వచ్చాక, అరుదనుకున్న బొమ్మలు అటకలమీదనుంచి వందలుగా బయటపడ్డాయి. ఒకనాటి ధరలు నేడు లేవు.

చరిత్ర తెలిసిన బొమ్మకు మాత్రం ఎప్పుడూ గౌరవమే. 2015లో షిర్లీ సొంత బొమ్మలూ చిన్నప్పటి దుస్తులూ వేలానికి వచ్చినప్పుడు కొన్నవారు కొన్నది గుడ్డనూ పింగాణీనీ కాదు, ఆమె చేతిస్పర్శను.

ఇంట్లో జాగ్రత్త

పాతబొమ్మ దొరికితే నీళ్ళతో కడగకండి. కాంపోజిషన్ మీది రంగు లేచివస్తుంది. మెత్తటి పొడికుంచెతో దుమ్ము దులిపితే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఎండ తగిలేచోట, వేడెక్కే అటకమీద పెట్టవద్దు. గాలాడని ప్లాస్టిక్ సంచీలో కట్టవద్దు. శుభ్రమైన తెల్లటి నూలుగుడ్డ మేలు. చీటీ, బిళ్ళ, చిరిగిన పెట్టె—ఏదీ పారవెయ్యవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటున్నది. ఆ బొమ్మ ఎవరిది, ఎవరు కొనిపెట్టారు, ఏ సంవత్సరంలో అన్న సంగతి ఒక కాగితంమీద రాసి దానితోపాటే వుంచండి. మన కొలువు బొమ్మలకైనా ఈ పని చెయ్యవచ్చు. ముక్కు చెక్కుకుపోయిన బొమ్మకు వేలంలో పాట పెరగకపోవచ్చు. కాని అది మామ్మగారి చిన్నప్పటిదని రాసివున్న ఆ కాగితం చూసిన మనుమరాలు దాన్ని అమ్మనే అమ్మదు.