ఎస్.ఎల్.ఆర్. (రైఫిల్)

ఎస్.ఎల్.ఆర్. అనునది భారత సైన్యము, పోలీసు దళాలు 1960ల నుండి వాడుతూ వచ్చిన 7.62 మిల్లీమీటర్ల సెమీ ఆటోమేటిక్ రైఫిల్. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ అనే పేరుకు ఇది పొట్టిరూపము. దీని అధికారిక నామము 1ఏ1. పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ఇది తయారైనది. తెలుగునాట సాధారణ ప్రజలు దీనిని చూసినది ఎక్కువగా సాయుధ పోలీసుల భుజాల మీదనే. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఉన్న ప్రత్యేక పోలీసు 7వ పటాలము వంటి దళాల తరానికి .303 రైఫిల్ తరువాత బాగా పరిచయమైన ఆయుధము ఇదే. బరువైనది, పొడవైనది, పాతకాలపుది అయినప్పటికీ సులభముగా మొరాయించదనే పేరు దీనికి ఉన్నది. ఆ పేరుకు గల కారణాలను ఈ వ్యాసము ముఖ్యముగా వివరిస్తుంది.

సెమీ ఆటోమేటిక్ అనగా

ట్రిగ్గర్‌ను ఒకసారి నొక్కితే ఒక తూటా మాత్రమే పేలుతుంది. ఖాళీ కేసును బయటకు విసరడము, తరువాతి తూటాను చాంబర్‌లోకి ఎక్కించడము తుపాకి తనంతట తానే చేసుకుంటుంది. మళ్ళీ కాల్చాలంటే ట్రిగ్గర్‌ను వదలి మళ్ళీ నొక్కవలెను. ఆటోమేటిక్ తుపాకిలో నొక్కి పట్టుకున్నంతసేపు తూటాలు పేలుతూనే ఉంటాయి. మన పత్రికలు తరచుగా ఈ రెంటినీ కలిపి "ఆటోమేటిక్ ఆయుధాలు" అని రాస్తుంటాయి గాని, సాంకేతికముగానూ చట్టరీత్యానూ అవి వేరువేరు.

చరిత్ర

1962 చైనా యుద్ధములో భారత సైనికుల చేతులలో ఉన్నవి చాలావరకు .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు. వీటిలో ప్రతి తూటాకూ బోల్టును చేతితో వెనుకకు లాగి ముందుకు తోయాలి. ఎదుటివారి వద్ద సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు ఉన్నాయి. ఆ యుద్ధము తరువాత సైన్యానికి కొత్త రైఫిల్ అందించే పని వేగము పుంజుకున్నది.

బెల్జియములోని ఎఫ్.ఎన్. సంస్థలో డ్యూడోనే సైవ్ రూపొందించిన ఎఫ్.ఏ.ఎల్. రైఫిల్ అప్పటికే అనేక దేశాలలో ప్రవేశించినది. బ్రిటను దీనినే కొన్ని మార్పులతో ఎల్1ఏ1 పేరిట వాడుకున్నది. ఈ నమూనాలను పరిశీలించి భారత ఆయుధ పరిశోధకులు 1ఏ1ను తయారు చేశారు. తమ అనుమతి లేకుండా చేశారని ఎఫ్.ఎన్. సంస్థ అభ్యంతరము తెలుపగా ఆ వివాదము తరువాత పరిష్కారమైనది. ఇషాపూర్ రైఫిల్ కొలతలు బెల్జియము నమూనాతోగానీ బ్రిటను నమూనాతోగానీ పూర్తిగా సరిపోవు. అందుచేత ఒకదాని విడిభాగాలన్నీ మరొకదానికి పట్టవు. చూపునకు ఒకటేగదా అని విదేశీ భాగాలను బిగించ చూసేవారికి ఇది తలనొప్పి.

1ఏ1 అందరికీ అందేలోగా కొరత తీర్చుటకు ఇషాపూర్‌లోనే పాత లీ-ఎన్‌ఫీల్డ్‌ను 7.62 తూటాకు అనువుగా మార్చి 2ఏ అనే రైఫిల్ చేశారు. కొత్త తూటా కలిగించే అధిక పీడనమును తట్టుకొనుటకు దానికి మెరుగైన ఉక్కును వాడవలసి వచ్చినది.

నిర్మాణము

ఖాళీ రైఫిల్ బరువు సుమారు 4.4 కిలోలు, పొడవు సుమారు 114 సెం.మీ. మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి. మడమ, ముందు పట్టు చెక్కతో చేసినవి. యంత్రభాగమంతా ఇమిడి ఉండే రిసీవర్‌ను రేకును వంచి కాక, ఉక్కు దిమ్మెను మరలతో చెక్కి తయారు చేస్తారు. ఇది ఖర్చుతోను, సమయముతోను కూడిన పని. తుపాకి బరువు కూడా పెరుగుతుంది. ప్రతిఫలముగా రిసీవర్ దశాబ్దాల పాటు వంగక నిలుస్తుంది.

తూటా పేలినపుడు బారెల్‌లోని వేడి వాయువులో కొంత భాగము ఒక చిన్న రంధ్రము ద్వారా పైనున్న పిస్టన్ మీదకు వెళ్తుంది. పిస్టన్ వెనుకకు కొట్టగా బోల్టును మోసే భాగము కదులుతుంది. బోల్టు వెనుక కొన పైకి లేచి తాళము విడిపోతుంది. బోల్టు వెనుకకు పోతూ ఖాళీ కేసును లాగి విసరుతుంది, స్ప్రింగు బలముతో ముందుకు వస్తూ కొత్త తూటాను తోసుకుపోతుంది.

బోల్టు తాళము పడినపుడు దాని వెనుక కొన ఆనుకునే ఉక్కు ముక్కను లాకింగ్ షోల్డర్ అంటారు. బోల్టుకు, చాంబర్‌లోని తూటాకు మధ్య ఉండవలసిన ఎడమును నిర్ణయించేది ఇదే. ఎడము ఎక్కువైతే కేసు చిట్లవచ్చు, తక్కువైతే బోల్టు మూసుకొనదు. వాడకముతో అరుగుదల వచ్చినపుడు రైఫిల్‌ను పారవేయనవసరము లేదు. కొద్ది తేడాలతో వివిధ కొలతలలో తయారైన షోల్డర్లు ఉంటాయి. ఆర్మరర్ గేజీతో కొలచి, తగినదానిని మార్చి బిగిస్తే సరిపోతుంది. ఈ తుపాకుల దీర్ఘాయుష్షుకు ఒక రహస్యము ఇక్కడ ఉన్నది.

విశ్వసనీయత

నాణ్యమైన తుపాకి అంటే భాగాలన్నీ వెంట్రుకవాసి సందు లేకుండా బిగువుగా అమరినది అని చాలామంది తలుస్తారు. గురికి అది కొంత మేలు చేస్తుంది గాని, మొరాయించకుండా ఉండుటకు కొన్నిచోట్ల సందు ఉండియే తీరాలి. దుమ్ము, మసి, గట్టిపడిన నూనె ఎక్కడికైనా పోవలెను గదా. ఏకే-47లో కదిలే భాగాలు బరువైనవి, వాటి చుట్టూ సందు ఎక్కువ. పైగా దాని తూటా కేసు ముందువైపుకు సన్నగిలి ఉంటుంది కనుక చాంబర్ నుండి సులువుగా ఊడివస్తుంది. ఎస్.ఎల్.ఆర్. వాడే 7.62×51 తూటా కేసు దాదాపు నిటారుగా ఉంటుంది. చాంబర్ మురికిగా ఉన్నా, తుప్పు పట్టినా అది అంటుకుపోయే అవకాశము ఎక్కువ.

ఈ లోటును పూరించేది గ్యాస్ రెగ్యులేటర్. మామూలు స్థితిలో కొంత వాయువును ఇది బయటకు వదలివేస్తుంది. తుపాకి మసిబారి బోల్టు మందగించినపుడు రెగ్యులేటర్‌ను కొన్ని మెట్లు మూస్తే, ఆ వాయువు కూడా పిస్టన్ మీదకు వెళ్ళి అదనపు బలమునిస్తుంది. అనగా యంత్రములో కొంత శక్తి నిలువగా దాచి ఉన్నది. దానిని ఎప్పుడు తీయాలో వాడేవాడు తెలిసి ఉండాలి. తెలియనివాడు మొదటినుండీ పూర్తిగా మూసి ఉంచితే దెబ్బ గట్టిగా తగిలి భాగాలు త్వరగా అరుగుతాయి.

ఇసుక దీని బలహీనత. ఇజ్రాయేలు సైన్యము ఎడారిలో ఎఫ్.ఏ.ఎల్.తో ఇబ్బందులు పడి, 1970లలో ఏకే యంత్రాంగము గల గలిల్ రైఫిల్‌కు మారినది. బ్రిటీషువారు ఎల్1ఏ1 బోల్టు వాహకము మీద ఇసుక చేరుటకు గాళ్ళు కోయించారు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధములో ఇరుపక్షాలూ ఇదే కుటుంబపు రైఫిళ్ళతో ఒకరినొకరు కాల్చుకున్నారు. అర్జెంటీనావి ఆటోమేటిక్‌గా కూడా పేలేవి, బ్రిటీషువారివి సెమీ ఆటోమేటిక్ మాత్రమే.

ఏ రైఫిల్‌లోనైనా మొరాయింపులకు తరచుగా మూలము మ్యాగజైన్. అంచులు వంగినా, స్ప్రింగు అలసినా తూటా వంకరగా లేచి చాంబర్ ముఖద్వారము వద్ద ఇరుక్కుంటుంది. ఎస్.ఎల్.ఆర్. మ్యాగజైన్ ఉక్కు రేకుతో చేసినది. సొట్ట పడితే కంటికి కనబడుతుంది, వేలితో తడిమినా తెలుస్తుంది.

ఇన్సాస్‌తో పోలిక

1990ల చివర సైన్యములో ఎస్.ఎల్.ఆర్. స్థానములోకి 5.56 మి.మీ. ఇన్సాస్ రైఫిల్ వచ్చినది. తూటా తేలికైనది కనుక సైనికుడు ఎక్కువ తూటాలు మోయగలడు. అయితే 1999 కార్గిల్ యుద్ధములో, గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకులు ఇరుక్కున్నాయని, కాల్చేవారి కంట్లో నూనె చిమ్మినదని ఫిర్యాదులు వచ్చాయి. 2005 ఆగష్టులో నేపాలులోని కాలికోట్ జిల్లాలో మావోయిస్టుల చేతిలో అనేకమంది సైనికులను కోల్పోయిన తరువాత, భారతదేశము ఇచ్చిన ఇన్సాస్‌లు పోరు మధ్యలో మొరాయించాయని నేపాలు సైన్యము ఆరోపించినది. వాడకములో లోపమే కారణమని భారత పక్షము బదులిచ్చినది. ఇన్సాస్ గ్యాస్ రెగ్యులేటర్ ఎఫ్.ఏ.ఎల్. తరహాదే. కనుక దోషమంతా రూపకల్పనదని చెప్పుట కష్టము. మ్యాగజైన్‌కు వాడిన పదార్థము, తయారీలో ఒక తుపాకికీ మరొకదానికీ తేడా రాకుండా చూడడము కూడా అంతే ముఖ్యము.

పోలీసు దళాలలో

నక్సలైటు ఉద్యమము బలముగా ఉన్న కాలములో ఉత్తర తెలంగాణ పోలీసులకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయము. అడవిలో ఎదురుకాల్పులు సాధారణముగా తక్కువ దూరములో, హఠాత్తుగా జరుగుతాయి. అక్కడ పొడవైన ఎస్.ఎల్.ఆర్. తిప్పుటకు అడ్డము, 20 తూటాలు త్వరగా అయిపోతాయి. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ వంటి ప్రత్యేక దళాలకు ఏకే-47లు అవసరమైనది ఇందుకే. మరోవైపు 7.62 తూటాకు దూరము, చొచ్చుకుపోయే బలము ఎక్కువ. మావోయిస్టులు కూడా పోలీసుల నుండి అపహరించిన ఎస్.ఎల్.ఆర్.లను ఏళ్ళ తరబడి వాడారు. ఎదురుకాల్పుల తరువాత స్వాధీనమైన ఆయుధాల జాబితాలో ఈ పేరు మాటిమాటికి కనిపించేది. కార్ఖానా సౌకర్యాలు లేని అడవిలో అవి పనిచేయుట వాటి నిర్మాణమునకు అయాచితముగా లభించిన యోగ్యతాపత్రము.

పటాలాలలో ఆయుధ శిక్షణ "ఖోల్‌నా జోడ్‌నా"తో, అనగా విప్పి మళ్ళీ కూర్చుటతో ఆరంభమవుతుంది. ఎస్.ఎల్.ఆర్.ను పనిముట్లు లేకుండానే ప్రధాన భాగాలుగా విప్పవచ్చు. బారెల్‌ను పుల్‌త్రూకు గుడ్డ కట్టి లాగి తుడుస్తారు; పిస్టన్, రెగ్యులేటర్ రంధ్రముల మసిని గీకి తీస్తారు. నిజామాబాదు ప్రాంతములో వేసవి దుమ్ముకు నూనె పలుచగా పూయాలి, ఎక్కువైతే దుమ్ము పేరుకొని ముద్ద అవుతుంది. వానకాలములో మాత్రము చాంబర్ తుప్పు పట్టకుండా రోజూ చూడవలెను. ఉపయోగించక అటక మీద ఉంచిన తుపాకి కన్నా, కాలుస్తూ శుభ్రపరుస్తున్న తుపాకియే ఎక్కువ నమ్మదగినదిగా ఉంటుంది.

చట్టము

7.62 మి.మీ. రైఫిళ్ళు భారతదేశములో నిషిద్ధ బోరు క్రిందకు వస్తాయి. పౌరులకు వీటికి మామూలుగా లైసెన్సు లభించదు. ఇషాపూర్ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు 1 నుండి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థలో భాగమైనది.