గమ్హరియా కొలిములు - వాతావరణ సంరక్షణ

జంషెడ్‌పూర్ నగరానికి పడమటి దిక్కున, ఖర్కయీ నదికి ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్, దానిని అంటిపెట్టుకొని గమ్హరియా ఉన్నవి. పాలన రీత్యా ఇవి ఝార్ఖండ్ రాష్ట్రంలోని సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాకు చెందినవే గాని, ఇక్కడి జీవనమంతా జంషెడ్‌పూర్‌తో ముడిపడినది. హౌరా-ముంబయి రైలుమార్గం గమ్హరియా మీదుగానే పోతుంది. హో, సంతాలీ, బెంగాలీ, ఒడియా, హిందీ భాషలు ఒకే సంతలో వినిపించే ఈ ప్రాంతంలో తెలుగు కూడ కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాలు కొన్ని తరాలుగా ఈ పారిశ్రామిక వలయంలో స్థిరపడినవి.

1970వ దశకంలో ఇక్కడ పారిశ్రామిక ప్రాంతం ఏర్పడిన పిమ్మట వేయికి పైగా కర్మాగారాలు వెలసినవి. వాటిలో అధికభాగం మోటారు వాహనాలకు కావలసిన విడిభాగాలు తయారు చేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు. అయితే ఈ ప్రాంతపు గాలిని, నీటిని గురించి ఆలోచించేవారి దృష్టిని ముందుగా ఆకర్షించేది ఇనుము, ఉక్కు తయారుచేసే కొలిములే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి దేశంలోని 88 పారిశ్రామిక కేంద్రాల కాలుష్యాన్ని ఒక సమగ్ర సూచికతో కొలిచినవి. 70కి మించిన సూచిక గలవి అత్యంత విషమ స్థితిలోనివిగాను, 60కి, 70కి నడుమ ఉన్నవి తీవ్ర కాలుష్యానికి గురియైనవిగాను గుర్తింపబడినవి. జంషెడ్‌పూర్, సరాయికేలా రెండును ఈ రెండవ వర్గంలో చేరినవి.

ఈ కొలిముల స్వభావం తెలియాలంటే స్పాంజి ఇనుము చరిత్ర కొంత తెలియాలి. ఆ చరిత్ర తెలుగు నేల నుండే ఆరంభమవుతుంది. పెద్ద ఉక్కు కర్మాగారాలలోని బ్లాస్ట్ కొలిమికి కోక్ కావాలి. కోక్‌కు పనికివచ్చే మేలైన బొగ్గు మన దేశంలో ప్రధానంగా ధన్‌బాద్ సమీపాన ఉన్న ఝరియా గనులలో లభిస్తుంది. అదియు అవసరానికి చాలక అధికభాగం విదేశాల నుండి దిగుమతి చేసుకొనవలసి వస్తున్నది. సాధారణ బొగ్గుకు మాత్రం కొదువ లేదు. ఆ బొగ్గుతోనే ఇనుము తయారుచేయవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానంగా కేంద్ర ప్రభుత్వం, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయంతో ఖమ్మం జిల్లా పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్‌ను 1975లో స్థాపించినవి. సింగరేణి బొగ్గును వాడి ఏటా 30,000 టన్నులు ఉత్పత్తి చేయగల ఆ ప్రయోగాత్మక కర్మాగారం 1980లో పని ప్రారంభించినది. 2010లో ఆ సంస్థ జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో విలీనమైనది.

పాల్వంచ ప్రయోగం ఫలించినది. ఒక విధంగా మితిమీరి ఫలించినదనవచ్చు. తక్కువ పెట్టుబడితో, రోజుకు వంద టన్నుల పరిమాణం గల కొలిమితో ఎవరైనా ఇనుము తయారుచేయవచ్చునని తేలిన తరువాత ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో ఇట్టి కొలిములు వందల సంఖ్యలో లేచినవి. 2003 నుండి చాలా సంవత్సరాలు భారతదేశం స్పాంజి ఇనుము ఉత్పత్తిలో ప్రపంచంలో ప్రథమ స్థానంలో నిలిచినది. ఇతర దేశాలలో ఈ పరిశ్రమ ప్రధానంగా సహజవాయువుపై ఆధారపడగా, మన దేశంలో బొగ్గుపై ఆధారపడినది. గమ్హరియాలోని పెద్ద ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ కొలిమితోపాటు స్పాంజి ఇనుము కొలిములు కూడ ఉన్నవి. ఉషా మార్టిన్ సంస్థకు చెందిన ఆ కర్మాగారం 2019లో టాటా సంస్థల చేతికి వచ్చినది.

ఈ కొలిమి చూడడానికి కొద్దిగా వాలుగా పరుండబెట్టిన పొడవైన ఉక్కు గొట్టం. అది నెమ్మదిగా తిరుగుతుండగా ఒక కొసనుండి ఇనుప ఖనిజం, బొగ్గు, కొంత డోలమైటు లోనికి పోతవి. దాదాపు వేయి డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో బొగ్గునుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేస్తుంది. ఖనిజం కరగదు, ప్రాణవాయువు విడిచిపోయిన చోట్ల సూక్ష్మ రంధ్రాలు మిగులుతవి. స్పంజి వలె కనబడుటచేత దానికా పేరు వచ్చినది. దానిని విద్యుత్ కొలిమిలో కరిగించి ఉక్కు దిమ్మెలు పోస్తారు.

ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నవి. పత్రికలలోను, కొన్నిసార్లు పాఠ్యపుస్తకాలలోను వీటిని ఒకటిగా కలిపివేయుట కద్దు. మొదటిది ధూళి. కొలిమి వెలువరించే వాయువులలో బొగ్గుపొడి, ఖనిజపు రేణువులు ఉంటవి. అవి ఇళ్లపై, వరిమళ్లపై, చెరువులపై పడతవి. వీటిని పట్టుటకు విద్యుత్తుతో పనిచేసే ధూళి సంగ్రాహకాలున్నవి. 2008లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ బొగ్గు వాడే స్పాంజి ఇనుము కర్మాగారాలు వదిలే వాయువులో ఒక ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి ధూళి ఉండరాదని నిర్దేశించినది. సంగ్రాహకం నడచుటకు కరెంటు ఖర్చు కావాలి. రాత్రివేళ దానిని ఆపివేసి, కొలిమిపైని అత్యవసర మూతను తెరచి పొగను నేరుగా వదలుతున్నారన్న ఫిర్యాదులు ఈ పరిశ్రమ ఉన్న ప్రతి రాష్ట్రంలోను వచ్చినవి. అందుచేతనే సంగ్రాహకం ఆగిన వెంటనే ముడిసరకు సరఫరా దానంతట అదే నిలిచిపోయేటట్లు యంత్రాలను జతపరచాలని కేంద్ర మండలి సూచించినది. ఒక చిన్న తాళంవంటి ఈ ఏర్పాటు, పెద్ద ఉపన్యాసాలకంటె ఎక్కువ మేలు చేయగలదు.

రెండవ సమస్య కంటికి కనిపించనిది. ధూళి అంతా పట్టుబడి పొగగొట్టం నిర్మలంగా కనిపించినప్పటికీ దానినుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుతూనే ఉంటుంది. టన్ను స్పాంజి ఇనుముకు దాదాపు టన్ను బొగ్గు కావాలి. బొగ్గులోని కార్బన్ 12 పాళ్లు గాలితో కలిసి 44 పాళ్ల బరువుగల వాయువు అవుతుంది. ఆ వాయువు గమ్హరియా మీద నిలువదు. భూగోళమంతటా వ్యాపించి, సూర్యునివలన భూమికి చేరిన వేడిని తిరిగి పోనీయక పట్టియుంచుతుంది. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నదని, ప్రపంచపు సగటు రెండు టన్నులకు లోపేనని ఉక్కు మంత్రిత్వశాఖ గ్రహించినది. దేశపు మొత్తం ఉద్గారాలలో ఈ పరిశ్రమ వాటా సుమారు 12 శాతం.

2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యానికి తెస్తామని 2021లో గ్లాస్గో సమావేశంలో భారతదేశం ప్రకటించినది. 2017 నాటి జాతీయ ఉక్కు విధానమో, 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల ఉత్పాదక శక్తిని లక్ష్యంగా పెట్టుకొన్నది. వంతెనలు, రైలు పట్టాలు, ఇళ్లు ఇంకా నిర్మించుకొనవలసిన దేశానికి ఆ లక్ష్యం అన్యాయమైనది కాదు. ఉక్కు పెరగాలి, వాయువు తగ్గాలి. చిక్కంతా ఈ రెంటి నడుమనే ఉన్నది. 2024 సెప్టెంబరులో ఉక్కు మంత్రిత్వశాఖ ఇందుకొక కార్యాచరణ పత్రాన్ని వెలువరించినది. అదే సంవత్సరం డిసెంబరులో హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చినది: టన్నుకు 2.2 టన్నులకు లోపు ఉద్గారం గల ఉక్కు హరితమైనది, 1.6 టన్నులకు లోపున్నదానికి అయిదు నక్షత్రాలు. ఐరోపా సమాజం దిగుమతి ఉక్కులోని కార్బన్‌కు 2026 నుండి రుసుము వసూలు చేసే ఏర్పాటు చేసుకొన్నందున, ఈ లెక్కలు ఎగుమతిదారులకు కాగితపు లెక్కలు మాత్రమే కావు.

పరిష్కారం ఏమి? బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాడినచో ఖనిజంలోని ప్రాణవాయువు దానితో కలిసి నీటి ఆవిరిగా పోతుంది. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌లో ఉక్కు ప్రయోగాలకు 455 కోట్లు కేటాయింపబడినవి. కేవలం హైడ్రోజన్‌తో స్పాంజి ఇనుము తయారుచేయుటకు రెండు, బ్లాస్ట్ కొలిమిలో దానిని ప్రవేశపెట్టుటకు ఒకటి, మొత్తం మూడు ప్రయోగాత్మక ప్రాజెక్టులు 2024లో మంజూరైనవి. జంషెడ్‌పూర్‌లోనే 2021లో టాటా సంస్థ బ్లాస్ట్ కొలిమి వాయువునుండి రోజుకు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును వేరుచేసే యంత్రాన్ని నెలకొల్పినది. 2023 ఏప్రిల్‌లో ఒక బ్లాస్ట్ కొలిమిలో హైడ్రోజన్‌ను పంపి పరీక్షించినది. 5 టన్నులు ఆ మహా కర్మాగారానికి సముద్రంలో చెంబుడు నీరే. పరీక్షకు ఆ మాత్రం చాలునేమో.

చిన్న కొలిముల సంగతి వేరు. తిరుగుడు గొట్టాన్ని వాయువుతో నడుపుట సాధ్యం కాదు. దానికి నిలువు కొలిమి కావాలి, అనగా పాతదానిని తీసివేయవలసి ఉంటుంది. ఆ స్తోమత లేనివారికి ప్రస్తుతానికి చేరువలోనున్నది వృథా ఉష్ణాన్ని పట్టుకొనుట. కొలిమినుండి సుమారు 900 డిగ్రీల వేడితో వెలువడే వాయువులతో బాయిలరు నడిపి విద్యుత్తు తీయవచ్చును. వంద టన్నుల కొలిమికి దాదాపు 2 మెగావాట్లు లభిస్తుంది. ధూళి సంగ్రాహకానికి కరెంటు భారమన్న సాకు కూడ దానితో తీరుతుంది. మిగిలిపోయే అరకొర కాలిన బొగ్గును సైతం ప్రత్యేకమైన బాయిలర్లలో మండించవచ్చును.

ఇట్టి పనులకు పరిశోధన పునాది ఈ ప్రాంతంలోనే ఉన్నది. 1946లో శంకుస్థాపన జరిగి, 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల జంషెడ్‌పూర్‌లో పనిచేస్తున్నది. కొలిమి చిట్టెమును, బూడిదను కట్టడపు సామగ్రిగా మార్చే పద్ధతులు అక్కడ రూపొందినవి. గమ్హరియాకు పొరుగుననే ఆదిత్యపూర్‌లో 1960లో ప్రాంతీయ సాంకేతిక విద్యాలయంగా వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన కళాశాల లోహశాస్త్రం బోధిస్తున్నది. బొగ్గుపై ఆధారపడిన శ్రామికులు కొత్త వృత్తులకు మారే మార్గాన్ని పరిశీలించుటకు ఝార్ఖండ్ ప్రభుత్వం 2022లో ఒక కార్యదళాన్ని నియమించినది. తిరుగుడు కొలిమి వద్ద ఏళ్లతరబడి మంట రంగు చూచి వేడి అంచనా వేయగల కార్మికునికి నిలువు కొలిమి మీటలు నేర్పవలసిన వారెవ్వరో, ఆ ఖర్చు ఎవరు భరించవలెనో తేల్చుట ఆ కార్యదళం ముందున్న పనులలో ఒకటి.